నిరీక్షణకు కొలమానం: వ్యాపార సాఫ్ట్‌వేరు పనితీరు పరీక్షల చరిత్ర

బ్యాంకు ఖాతాలు, రైలు టికెట్లు, సరుకుల నిల్వలు, జీతాల పట్టికలు నడిపే సాఫ్ట్‌వేరుకు రెండు రకాల పరీక్షలున్నాయి. అప్పగించిన పనిని తప్పు లేకుండా చేస్తున్నదా అని చూసేది మొదటిది కాగా, వేలమంది ఒక్కసారిగా అదే పని అడిగినప్పుడు ఎంతసేపట్లో చేయగలదో, ఏ స్థాయి రద్దీ దగ్గర చతికిలబడుతుందో తేల్చేది రెండవది. ఈ రెండవదాన్ని పనితీరు పరీక్ష అని, సాఫ్ట్‌వేరు వాడుకలోకి వచ్చిన తరువాత అదే కొలతను రేయింబవళ్లు కొనసాగించడాన్ని పర్యవేక్షణ అని అంటారు. ఇవి ఇంటర్నెట్టుతో పుట్టిన విద్యలన్న అభిప్రాయం ఉన్నా, వీటి మూలాలు శతాబ్దానికి పైగా వెనక్కి వెళ్తాయి. ఆ చరిత్రను పరిశీలిస్తే, యంత్రం వేగమెంత అన్న ప్రశ్న క్రమంగా వెనక్కి తగ్గి, దాని ముందు మనిషి ఎంతసేపు కాచుకోవాలన్న ప్రశ్న ముందుకు వచ్చిందని, దానికి అమ్మకందారు చెప్పిన జవాబు కన్నా బయటివారు సరిచూసిన జవాబుకే విలువ దక్కిందని తెలుస్తుంది.

ఈ శాస్త్రానికి పునాది కంప్యూటరు కన్నా ముందు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పడింది. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డెన్మార్కు గణితజ్ఞుడు ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్, చందాదారులు తమకు తోచినప్పుడు చేసే కాల్స్‌కు ఎన్ని లైన్లు సరిపోతాయన్న ప్రశ్నకు సంభావ్యతా గణితంతో సమాధానం వెదుకుతూ 1909లో ఒక వ్యాసాన్ని, 1917లో కీలకమైన సూత్రాలను ప్రచురించాడు. వరుసలోని నిరీక్షణను లెక్కగట్టే ఈ గణిత శాఖకు క్యూ సిద్ధాంతమని పేరు. అందులోని అతి సరళమైన నమూనా ప్రకారం, ఒకే కౌంటరు ఉండి జనం క్రమం లేకుండా వస్తున్నప్పుడు, ఒక్కొక్కరి పనికి సగటున ఒక నిమిషం పట్టేచోట, కౌంటరు సగం సమయం పనిలో ఉంటే వచ్చినవారు మొత్తం మీద రెండు నిమిషాల్లో బయటపడతారు. నూటికి 90 వంతుల సమయం పనిలో ఉంటే పది నిమిషాలు, 95 వంతులైతే ఇరవై నిమిషాలు పడుతుంది. రద్దీ కొద్దిగా పెరిగితే నిరీక్షణ అనేక రెట్లు పెరగడానికి కారణం ఇదే. 1961లో జాన్ లిటిల్ దీనికి మరొక సూత్రాన్ని జోడించి నిరూపించాడు: వచ్చేవారి రేటును, ఒక్కొక్కరు లోపల గడిపే సగటు సమయంతో గుణిస్తే లోపల ఉన్నవారి సగటు సంఖ్య వస్తుంది. సెకనుకు 100 లావాదేవీలు వచ్చే వ్యవస్థలో ఒక్కొక్కటి ఒక సెకను ఉంటే లోపల ఉండేవి 100 మాత్రమే. ఏ కారణం చేతనైనా అది అయిదు సెకన్లయితే 500 లావాదేవీలు పేరుకొని, మెమరీని ఆక్రమించి, మిగతావాటిని కూడా ఆలస్యం చేస్తాయి.

తొలినాటి వ్యాపార కంప్యూటర్లకు ఈ గణితంతో పెద్దగా పని పడలేదు. పగలంతా పోగుపడిన కాగితాలను రాత్రి ఒక దఫాగా లెక్క కట్టే పద్ధతిలో కంప్యూటరు ముందు ఎదురుచూసేవారే ఉండరు గనుక, తెల్లవారేలోగా పని ముగిస్తే చాలు. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం కలిసి నిర్మించిన సేబర్ అనే విమాన టికెట్ల వ్యవస్థ 1964 నాటికి పూర్తిస్థాయిలో అమలైన తరువాత ఈ పరిస్థితి మారింది. న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రయర్‌క్లిఫ్ మేనర్‌లో ఉంచిన రెండు ఐబీఎం 7090 కంప్యూటర్ల జవాబు కోసం, దూరప్రాంతపు గుమాస్తా, ఫోనులో అవతల ప్రయాణికుడు ఏకకాలంలో ఎదురుచూడవలసి వచ్చింది. 1968లో ఐబీఎంకు చెందిన రాబర్ట్ మిల్లర్ మనిషికి, యంత్రానికి మధ్య సంభాషణ గురించి రాసిన పత్రంలో, ఆలోచన తెగకుండా పని సాగాలంటే జవాబు దాదాపు రెండు సెకన్లలోపు రావాలని, పదిహేను సెకన్లు దాటితే అది సంభాషణ అనిపించుకోదని పేర్కొన్నాడు. జవాబు కోసం పట్టే ఆ వ్యవధినే స్పందన సమయం అంటారు. 1967లో కాలిఫోర్నియాలో ఏర్పడిన బూల్ అండ్ బాబేజ్ సంస్థ, కంప్యూటరు ఏ పనిలో ఎంత కాలం గడుపుతున్నదో మరొక ప్రోగ్రాముతో కొలిచే సాధనాలను విక్రయించడంతో పర్యవేక్షణ స్వతంత్ర వ్యాపారంగా రూపుదిద్దుకున్నది.

1973లో ఒక పెద్ద బ్యాంకు తన 1,000 శాఖలను, 10,000 మంది గుమాస్తాలను, కోటి ఖాతాలను కంప్యూటరుకు అనుసంధానించాలని తలపెట్టింది. ఒక్కొక్క గుమాస్తా 100 సెకన్లకు ఒక లావాదేవీ చొప్పున పంపితే సెకనుకు 100 లావాదేవీలు వస్తాయి. డెబిట్‌క్రెడిట్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఆ లావాదేవీ చాలా చిన్నది: గుమాస్తా ఖాతా సంఖ్యను, సొమ్మును పంపగానే ఖాతాదారు నిల్వ మారాలి, గుమాస్తా వద్ద ఉన్న నగదు లెక్క మారాలి, శాఖ మొత్తం మారాలి, జరిగినది చరిత్ర పట్టికలో ఒక వరుసగా నమోదు కావాలి, ఈ నాలుగూ జరగాలి, లేదా ఏ ఒక్కటీ జరగకూడదు. టాండెమ్ కంపెనీలో పనిచేస్తున్న జిమ్ గ్రే, ఇతర సంస్థలకు, విశ్వవిద్యాలయాలకు చెందిన సహచరులతో కలిసి, ఈ లావాదేవీని అన్ని యంత్రాలకూ ఉమ్మడి పరీక్షగా ప్రతిపాదిస్తూ 1985 ఏప్రిల్ 1 నాటి డేటమేషన్ పత్రికలో వ్యాసం ప్రకటించాడు. కంపెనీల మధ్య పోటీ తీవ్రంగా ఉన్న రంగం కావడంతో రచయితల పేర్లు లేకుండా అజ్ఞాత బృందం పేరుతో అది వెలువడింది.

ఆ వ్యాసంలోని రెండు షరతులు ఈ రంగపు స్వరూపాన్నే మార్చాయి. సెకనుకు ఎన్ని లావాదేవీలన్న అంకెతో పాటు వాటికి అయ్యే ఖర్చు కూడా చెప్పాలన్నది ఒకటి. నూటికి 95 లావాదేవీల స్పందన సమయం ఒక సెకను లోపు ఉన్నప్పుడే ఆ అంకె చెల్లుతుందన్నది రెండవది. సగటును కాక ఇటువంటి హద్దును ఎంచుకోవడంలోని ఔచిత్యం చిన్న లెక్కతో బోధపడుతుంది. వంద లావాదేవీలలో 90 అర సెకనులో, మిగిలిన పది 15 సెకన్లలో ముగిశాయనుకుంటే సగటు రెండు సెకన్ల లోపే ఉంటుంది. నివేదికలో అది నిక్షేపంగా కనిపిస్తుంది, కాని కౌంటరు ముందు పదిమంది పావు నిమిషం పాటు నిలబడిన సంగతి అందులో కనిపించదు. హద్దు విధించినప్పుడు ఆ పదిమంది లెక్కలోకి వస్తారు.

ఆచరణలో షరతులకు తూట్లు పడ్డాయి. టెర్మినళ్లను, నెట్‌వర్కును, గుమాస్తా ఆలోచించే వ్యవధిని తొలగించి, లావాదేవీలను మాత్రం దఫాగా గుప్పించే టీపీ1 అనే రూపాంతరంతో సాధించిన పెద్ద అంకెలను అమ్మకందారులు ప్రచారంలో పెట్టారు. ఈ గందరగోళానికి ముగింపు పలకడానికి ఓమ్రి సెర్లిన్ చొరవతో 1988 ఆగస్టులో ఎనిమిది కంపెనీలు కలిసి ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ పెర్ఫార్మెన్స్ కౌన్సిల్‌ను ఏర్పాటు చేశాయి. 1989 నవంబరులో అది వెలువరించిన టీపీసీ-ఏ అనే బెంచ్‌మార్కు, అంటే అందరికీ ఒకే నియమాలతో పెట్టే ప్రామాణిక పరీక్ష, నూటికి 90 లావాదేవీలు రెండు సెకన్లలో ముగియాలని నిర్దేశించింది. పరీక్ష ఎలా జరిగిందో పూర్తి వివరాలతో బహిరంగ నివేదిక ఇవ్వాలన్న నియమమూ, స్వతంత్ర ఆడిటర్లు ఫలితాలను తనిఖీ చేసే పద్ధతీ అంకెలకన్నా ఎక్కువగా ఈ సంస్థకు గౌరవం తెచ్చిపెట్టాయి.

బెంచ్‌మార్కు యంత్రాల మధ్య తారతమ్యాన్ని తేల్చగలదే గాని, ఒక సంస్థ తన అవసరాలకు రాయించుకున్న సాఫ్ట్‌వేరు రద్దీని తట్టుకుంటుందో లేదో చెప్పలేదు. 1989లో స్థాపితమైన మెర్క్యురీ ఇంటరాక్టివ్ సంస్థ లోడ్‌రన్నర్ అనే సాధనం ద్వారా ఆ కొరతను తీర్చింది. ఒక మనిషి తెరమీద చేసే పనిని స్క్రిప్టుగా నమోదు చేసి, ప్రతిసారీ వేర్వేరు ఖాతాలను, పేర్లను చొప్పించి, నడుమ ఆలోచనా వ్యవధిని ఉంచి, వందలు వేలుగా కల్పిత వినియోగదారులను పంపే ఇటువంటి పద్ధతికి లోడ్ టెస్టింగ్ అని పేరు. 1998లో స్టెఫానో మట్సోకీ ప్రారంభించిన జేమీటర్, అపాచీ సంస్థ ఆధ్వర్యంలో ఇదే పనిని ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో ‘టెస్టింగ్ టూల్స్’ పేరిట నడిచిన కోర్సులలో లోడ్‌రన్నర్ పేరు మారుమోగింది; ఆ తరగతి గదుల మీదుగా ఎందరో తెలుగు యువతీయువకులు ఈ వృత్తిలో ప్రవేశించారు.

పర్యవేక్షణ కూడా ఇదే కాలంలో యంత్రాన్ని దాటి సాఫ్ట్‌వేరు లోపలికి చొచ్చుకుపోయింది. 1998లో లూ సర్న్ స్థాపించిన వైలీ టెక్నాలజీ, జావా ప్రోగ్రాములలో కొలత సూచనలను చొప్పించి, ఏ భాగం దగ్గర ఆలస్యమవుతున్నదో చూపగలిగింది. ఒకే అభ్యర్థన పదుల సర్వర్ల మీదుగా ప్రయాణించే కాలం వచ్చాక, గూగుల్ 2010లో డాపర్ అనే వ్యవస్థ వివరాలను ప్రచురించింది. ప్రతి అభ్యర్థనకు ఒక గుర్తింపు సంఖ్య తగిలించి అది వెళ్లినచోటల్లా కాలాన్ని నమోదు చేయడం దాని సూత్రం. ఇటువంటి జాగ్రత్తల లోపం ఎంత ఖరీదైనదో 2013 అక్టోబరు 1న ప్రారంభమైన అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా వెబ్‌సైటు చాటింది. మొదటిరోజు నమోదైనవారు ఆరుగురే. మరమ్మతుకు వచ్చిన నిపుణులకు స్పందన సమయాన్ని, లోపాలను ఒకచోట చూపే డాష్‌బోర్డే కనిపించలేదు. వారు ముందుగా చేసిన పనులలో కొలత సాధనాలను అమర్చడం ఒకటి.

భారతదేశంలో ఈ సమస్య ప్రజల అనుభవంలోకి ప్రధానంగా రైలు టికెట్ల ద్వారా వచ్చింది. 1985లో న్యూఢిల్లీలో మొదలైన కంప్యూటరు రిజర్వేషను క్రమంగా విస్తరించి, 1999 నాటికి సికింద్రాబాదుతో సహా అయిదు ప్రాంతీయ కేంద్రాలు ఒకే నెట్‌వర్కుగా ఏర్పడ్డాయి. 2002లో ఐఆర్‌సీటీసీ ఆన్‌లైన్ టికెట్లు మొదలుపెట్టాక రద్దీ స్వభావమే మారిపోయింది. ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, ఇతర తరగతులకు 11 గంటలకు తెరుచుకునే తత్కాల్ కోటా కోసం దేశమంతా ఒకే క్షణంలో మీట నొక్కుతుంది కనుక, రోజు మొత్తం సగటు ఇక్కడ ఎందుకూ కొరగాదు. ఆ తొలి నిమిషాల శిఖరాన్ని తట్టుకోవడమే అసలు పరీక్ష. నిమిషానికి 2,000 టికెట్ల సామర్థ్యాన్ని 7,200కు పెంచుతూ 2014లో కొత్త వ్యవస్థను ప్రవేశపెట్టడానికి కారణం ఈ శిఖరమే.

1973లో సెకనుకు 100 లావాదేవీలు ఘనమైన లక్ష్యం. 2025 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు తొలిసారిగా నెలకు 2,000 కోట్లు దాటాయి, అంటే సగటున సెకనుకు 7,400కు పైగా. ఈ చెల్లింపులలో సాంకేతిక కారణాలతో విఫలమైనవి ఏ బ్యాంకులో నూటికెన్నో భారత జాతీయ చెల్లింపుల సంస్థ నెలనెలా ప్రకటిస్తున్నది. 1985 నాటి వ్యాసం కోరిన బహిరంగ కొలతకు ఇది సన్నిహితమైన ఆచారం. టికెట్లు, ధ్రువపత్రాలు, పరీక్షా ఫలితాలు అందించే ప్రభుత్వ వ్యవస్థలు కూడా తమ స్పందన సమయాలను రద్దీ వేళ అంకెలతో, స్వతంత్ర తనిఖీతో ప్రకటించడం అవసరం. సగటుల చాటున దాగిన నిరీక్షణను తొలగించడానికి ఈ చరిత్రలో ఫలించిన మార్గం అదొక్కటే.