దస్తావేజు యంత్రమునకు దుబాసీ

కృష్ణదేవిపేట ప్రాంతపు రైతు ఒకడు పొలము కొన్నాడనుకొనండి. పూర్వము సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో గుమాస్తా ఆ దస్తావేజును పెద్ద పుస్తకములోనికి చేతితో ఎత్తి వ్రాసేవాడు. ఆ పొలముపై అప్పు ఉన్నదా లేదా తెలియుటకు ఏండ్ల తరబడి సూచికలు తిరగవేయవలసి వచ్చేది. 1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘కార్డ్’ పథకముతో ఈ పనిని కంప్యూటర్లకు అప్పగించినది.

అయితే దత్తాంశము ఒక యంత్రములో, అడిగేవాడు మరొక యంత్రము ముందర. మధ్య మాట చేరవేయువారెవరు? కాడ్ 1970లో దత్తాంశమును పట్టికలుగా అమర్చు సిద్ధాంతము చెప్పెను. కాని ఒక్కొక్క కంపెనీ పట్టికలను ఒక్కొక్క రీతిని అడుగవలసి ఉండెను. 1992లో మైక్రోసాఫ్ట్ సంస్థ తెచ్చిన ‘ఓ.డి.బి.సి.’ పద్ధతి ఆ చిక్కును తగ్గించినది. దీనిలో ‘డ్రైవర్’ అను చిన్న అనుబంధము, కుంపిణీ కాలపు దుబాసీ వలె, రెండు వైపుల మాటలను అందించును.

తగవులన్నీ ఈ దుబాసీని ప్రతిష్ఠించు వేళనే! సర్వరులో ఒకచోట పెడితే చాలదు; అడిగే ప్రతి యంత్రములోను అతడుండవలెను. 1990లలో మరొక బాధ కూడ ఉండేది. క్రొత్తగా చేర్చిన సాఫ్ట్‌వేరు, అందరూ వాడుకొను ఫైలుపై తన పాత ప్రతిని వ్రాసి పోయేది. చేర్చినది బాగానే నడిచేది, ప్రక్కనున్నది చచ్చేది. దీనినే ‘డి.ఎల్.ఎల్. నరకము’ అనిరి. 2000లో వచ్చిన విండోస్, తన ముఖ్యమైన ఫైళ్ళను కాపాడుకొనుట నేర్చినది.

దోషము కనబడగానే అన్నీ తుడిచి మొదటినుండి పెట్టువారు కలరు. అది దత్తాంశమునకే ముప్పు. ముందు నకలు తీయవలెను. పిదప తెరపై వచ్చిన మాటను అక్షరము తప్పక వ్రాసికొనవలెను. అన్ని యంత్రములు మొరాయించినచో సర్వరును, తీగలను చూడుడు. ఒక్కటే అయితే దోషము బహుశః దానిలోనిదే. అదే యంత్రములో అధికారి పేరుతో పనిచేసి గుమాస్తా పేరుతో చేయకున్నచో, అమరిక ఒక్క వాడుకరికే చేసియుండవచ్చును. లేక గుమాస్తాకు అనుమతి లేకపోవచ్చును.

64 బిట్ల విండోస్ వచ్చిన తరువాత చిక్కు మరొకటి. 32 బిట్ల ప్రోగ్రాముకు 64 బిట్ల డ్రైవర్ పనికిరాదు. అమర్చు పరికరములు రెండు, పేరు ఒక్కటే. వినోదమేమనగా, 64 బిట్లది ‘సిస్టమ్32’ అను ఫోల్డరులోను, 32 బిట్లది ‘సిస్‌వావ్64’ అను ఫోల్డరులోను ఉండును.