బొమ్మలవాళ్ళ చలవ

వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ పెట్టించి నర్సింగ్ పాఠం చెబుతుంటే, "పిల్లలు గేములాడుకునే వస్తువుతో ఇదేం చదువమ్మా?" అని నా తోటి రిటైర్డ్ ట్యూటర్లు విసుక్కుంటారు. నాకు వింతగా లేదు. ఉద్యోగమంతా ల్యాబ్ తాళాలు మోసినదాన్ని. అందులోని మంచి సరుకు చాలావరకు బొమ్మలవాళ్ళ చలవే.

1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆస్పత్రి నర్సుల స్కూలు ప్రిన్సిపాల్ లాడర్ సదర్లాండ్, పాటకెట్ ఊళ్ళో గుడ్డబొమ్మలు చేసే మార్తా జెంక్స్ చేజ్‌ని మనిషంత బొమ్మ అడిగారు. మార్తా డాక్టరు కూతురు, డాక్టరు భార్య కూడా. రోగి శరీరం ఎక్కడెక్కడ వంగాలో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. అలా పుట్టిందే 'మిసెస్ చేజ్'. పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం దాని మీదే నేర్చుకున్నారు. 1914కల్లా చేతికి ఇంజెక్షన్ చోటు, లోపల నీళ్ళతిత్తి అమర్చారు. ఇక క్యాథెటర్, ఎనిమా కూడా ఆవిడకే!

అంతకు ముందే ఫ్రాన్సులో మదాం దు కూద్రే అనే మంత్రసాని ఉండేది. 1759లో 15వ లూయీ రాజు అనుమతిపత్రం ఇచ్చాక, తాను గుడ్డతో కుట్టిన గర్భిణి బొమ్మతో ఊరూరా తిరిగి పల్లె ఆడవాళ్ళకు పురుడు పోయడం నేర్పింది. అలాంటి బొమ్మ ఒకటి ఇప్పటికీ రువాన్ మ్యూజియంలో ఉంది. 1960లో వచ్చిన రెససి ఆనీ అనే బొమ్మ కూడా నార్వేలో బొమ్మలు చేసే ఆస్మండ్ లేర్డాల్ తయారుచేసిందే. నోట్లో ఊపిరి ఊది ప్రాణం నిలపడం లోకమంతా ఆ బొమ్మ మీదే నేర్చుకుంది.

నేను చదువుకునే రోజుల్లో మాకు ఇవేవీ లేవు. నారింజపండుకు సూది పొడిచి, మరునాడు నేరుగా జనరల్ వార్డుకు. పేయింగ్ రూములకు మమ్మల్ని పంపేవారు కాదు. చెయ్యి తిరగని పిల్లల సూదులన్నీ పేదవాళ్ళే భరించారు. రోగికి బదులు బొమ్మ మీదో తెర మీదో నేర్పే సిమ్యులేషన్ కావాలని నేననడానికి పెద్ద కారణం ఇదే.

1990ల చివర్లో అమెరికాలో నరంలోకి సూది గుచ్చడం నేర్పే క్యాథ్‌సిమ్ అనే యంత్రం వచ్చింది. తెర మీద చెయ్యి కనిపిస్తుంది, పక్కనున్న పెట్టెలోకి సూది తోస్తే చర్మం అడ్డుకున్నట్టు చేతికి తెలుస్తుంది. ఇప్పటి మామూలు హెడ్‌సెట్‌లో వార్డంతా కళ్ళముందుంటుంది గానీ ఆ స్పర్శ లేదు. పట్టుకున్న కంట్రోలర్ కాస్త వణుకుతుంది, అంతే.

2014లో అమెరికా నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి అధ్యయనం, వార్డు గంటల్లో సగం దాకా మంచి సిమ్యులేషన్‌తో భర్తీ చేసినా విద్యార్థులు వెనకబడలేదని తేల్చింది. అందులో ముఖ్యమైన మాట 'మంచి' అన్నదే. శిక్షణ పొందిన ట్యూటరూ, అయ్యాక కూర్చోబెట్టి జరిపే చర్చా లేకపోతే ఆ లెక్క చెల్లదు. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కూడా 2021 బీఎస్సీ సిలబస్‌లో సిమ్యులేషన్‌కు చోటిచ్చింది.

ప్రిన్సిపాళ్ళకు నా మనవి ఒక్కటే. రోగికి ఆయాసం వచ్చినప్పుడు, రెండు మంచాల నుంచి ఒకేసారి పిలుపొచ్చినప్పుడు ముందు ఏం చెయ్యాలో తేల్చుకోవడం హెడ్‌సెట్‌లో నేర్పండి. నరం దొరకబుచ్చుకోవడం మాత్రం రబ్బరు చేతి మీదే నేర్పండి. కొత్తవి కొన్నామని పాత మానికిన్ బొమ్మలను స్టోర్‌రూములో పడెయ్యకండి.