ఫాలిజ్ ఇలాజ్: నియ్యత్ వేరు, సబూత్ వేరు

మూతి వంకరపోయినా, కాలూచెయ్యీ పడిపోయినా మన ఇళ్లలో ఒకటే మాట: 'లఖ్వా మార్‌గయా'. తిబ్బ్ కితాబుల్లో మాత్రం ఇవి రెండు వేర్వేరు మర్జ్‌లు. లఖ్వా ముఖానికి వచ్చేది. ఫాలిజ్ ఒక పక్క శరీరాన్నంతా పడేసేది, అంటే పక్షవాతం.

ఈ తేడా తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. లఖ్వా చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో దానంతటదే తగ్గుతుంది. ఈలోపు అడవి పావురం నెత్తురు రాస్తే షిఫా పేరు పావురానికి దక్కుతుంది. ఆ పేరు విని ఫాలిజ్ మనిషిని కూడా అక్కడికే మోసుకెళ్తారు. ముఖం వంకరపోవడం ఫాలిజ్‌లోనూ ఉంటుంది కాబట్టి ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరే.

ఇలా మోసపోకూడదనే వెయ్యేళ్ల కిందట ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్'లో దవాను పరీక్షించడానికి షరతులు రాశాడు. గుణం ఒకరిద్దరిలో కనిపిస్తే చాలదు, ఎక్కువమందిలో మళ్లీమళ్లీ కనిపించాలి. లేదంటే అది ఇత్తెఫాక్ కావచ్చు. దీన్నే తజుర్బా అన్నారు.

ఫాలిజ్ విషయంలో పెద్ద తజుర్బాలు మన కాలంలోనే జరిగాయి. మెదడుకు నెత్తురు అందడానికి పుర్రె బయటి రక్తనాళాన్ని లోపలి దానికి కలిపే బైపాస్ ఆపరేషన్ ఒకప్పుడు చాలా దేశాల్లో చేసేవారు. 1,377 మంది మీద పరీక్షిస్తే ఫాయిదా లేదని 1985లో తేలింది. చేయి తిరిగిన సర్జన్ల నమ్మకం కూడా సబూత్ ముందు నిలవలేదు.

నిలిచినవీ ఉన్నాయి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ 3 గంటల్లోపు ఇస్తే ఎక్కువమంది కోలుకుంటారని 1995లో 624 మందితో చేసిన పరీక్ష చూపింది. మెదడులో రక్తస్రావం మాత్రం 0.6 శాతం నుంచి 6.4 శాతానికి పెరిగింది. ఆ గడువు నాలుగున్నర గంటల దాకా పనికొస్తుందని 2008లో తేలింది. మెదడు బాగా వాచినవారికి 48 గంటల్లోపు పుర్రె ఎముక తీసి ఒత్తిడి తగ్గిస్తే, బతికేవారు 29 శాతం నుంచి 78 శాతానికి పెరిగారు (2007). అయితే బతికిన వారిలో కొందరికి వైకల్యం మిగిలింది. పెద్ద నాళంలోని గడ్డను తీగతో బయటికి లాగే పద్ధతి 2015లో గెలిచింది.

ఈ చరిత్రలో మన గుంటూరు కూడా ఉంది. 2014లో 'అటెండ్' అనే పరీక్ష మొదలైంది. దేశంలోని 14 ఆస్పత్రుల్లో గుంటూరు లలితా సూపర్ స్పెషాలిటీ ఒకటి. సవాల్ మన ఇంటిదే: ఫిజియోథెరపిస్టు అందని చోట ఇంట్లోవాళ్లకే కసరత్తులు నేర్పితే రోగి త్వరగా కోలుకుంటాడా? 1,250 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేశారు. ఆరు నెలల తర్వాత చూస్తే చనిపోయినవారు, పరాధీనంలో ఉన్నవారు కలిపి రెండు జట్లలోనూ 47 శాతమే. 2017లో 'లాన్సెట్' పత్రిక ఈ ఫలితం అచ్చేసింది.

అది చదివి నాకు మనసు చివుక్కుమంది. అమ్మీ మంచం పక్కన కూర్చుని చేతులు పిసికే కోడళ్లు, కూతుళ్లు మన ఘర్ ఘర్‌లో ఉన్నారు. వాళ్ల ఖిద్మత్ వృథా అని ఈ లెక్క చెప్పడం లేదు. పుండ్లు పడకుండా చూడటం, అన్నం తినిపించడం, ధైర్యం చెప్పడం వాళ్లే చేయాలి. అది ఇబాదత్. కానీ కసరత్తుల బరువంతా ఇంటి ఆడవాళ్ల నెత్తిన పెట్టేసి సర్కారు చేతులు దులుపుకోవడానికి సబూత్ లేదు. నర్సు, డాక్టరు, ఫిజియోథెరపిస్టు ఒక జట్టుగా చూసే స్ట్రోక్ వార్డులు ప్రాణాలు కాపాడతాయని మాత్రం ఎన్నో పరీక్షల్లో రుజువైంది. మనం అడగాల్సింది అవి.

మార్కాపురం, వినుకొండ వైపు పల్లె నుంచి గుంటూరు చేరేసరికే ఆ నాలుగున్నర గంటల్లో పెద్ద ముక్క పోతుంది. మిర్చి కల్లంలో మనిషి మాట తడబడినా, చెయ్యి జారినా, మూతి వంకరపోయినా టైము చూసుకుని 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్ అయ్యేదాకా ఆస్పిరిన్ కూడా వేయొద్దు, నెత్తురు చిట్లిన ఫాలిజ్ అయితే అది ఇంకా కీడు చేస్తుంది. దువా దారిలో కూడా చేసుకోవచ్చు. పోయిన వక్త్ మాత్రం తిరిగి రాదు.