ధవళేశ్వరం ఆనకట్ట - పనివారి నైపుణ్యం: ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

గోదావరి డెల్టా చరిత్రను ఆనకట్టకు ముందు, ఆనకట్ట తరువాత అని రెండుగా విభజించి చెప్పడం పరిపాటి. 1832-33 నాటి నందన కరవు తీరాంధ్ర జిల్లాలను కుంగదీసింది. 1847లో ధవళేశ్వరం వద్ద మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయి, డెల్టాకు నిలకడైన సాగునీటిని అందించింది. ఈ మార్పుకు కారకుడిగా సర్ ఆర్థర్ కాటన్ పేరు చిరస్థాయిగా నిలిచింది. అది సముచితమే. అయితే ఆ కట్టడానికి ఏయే నైపుణ్యాలు అవసరమయ్యాయి, అవి ఎక్కడివి, పని ముగిశాక ఏమయ్యాయి అనే ప్రశ్నలకు తగినంత చోటు దక్కలేదు. ఈ వ్యాసం వాటిని పరిశీలిస్తుంది.

ఇసుకపై పునాది

ధవళేశ్వరం వద్ద లంకల మధ్య చీలిన నదికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మొత్తం సుమారు 12,000 అడుగుల పొడవున ఆనకట్ట కట్టారు. నదీగర్భం ఇసుకమయం. ఇటువంటి చోట పునాది నిలిపే విద్య కావేరిపై కల్లణై కట్టినవారికి శతాబ్దాల క్రితమే తెలుసు. 1836లో కొల్లడంపై ఆనకట్టలు నిర్మించిన కాటన్, వదులు ఇసుకలో పునాది వేసే పద్ధతిని స్థానికుల కట్టడాల నుంచే నేర్చుకున్నామని అంగీకరించాడు. అంటే గోదావరికి చేరిన సాంకేతికతలో ఒక పాయ కావేరి తీరపు పనివారిదే.

ఆచరణలో ఆ విద్యకు రాయి కొట్టే వడ్డెరలు, మట్టిపని చేసే ఉప్పరులు, తాపీ పనివారు, గానుగ సున్నం సిద్ధం చేసేవారు, వడ్రంగులు, కమ్మరులు, పడవలవారు అవసరం. వరదకూ వరదకూ మధ్యనున్న కొద్ది నెలలే పనికాలం. మోతకూలీలను కూలిడబ్బులిచ్చి సమకూర్చవచ్చు. తాపీమేస్త్రీని ఒక్క వేసవిలో తయారుచేయలేరు. సరిగా కుదరని అతుకును వచ్చే వరద తప్పక బయటపెడుతుంది. కనుక నిర్మాణ వేగానికీ, మన్నికకూ హద్దును నిర్ణయించింది పెట్టుబడి ఒక్కటే కాదు, పనితెలిసిన చేతులు కూడా.

రెండు మార్గాలు

ఇదే కాలంలో ఉత్తరాదిన ప్రోబీ కాట్లీ ఆధ్వర్యంలో గంగా కాలువ నిర్మాణం సాగుతున్నది. దానికి శిక్షితులైన సిబ్బంది కావలసి, వాయవ్య రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు జేమ్స్ థామసన్ చొరవతో 1847లో రూర్కీలో ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడింది. కాలువ 1854లో ప్రారంభమైంది. కళాశాల ఆ తరువాత కూడా తరతరాల ఇంజనీర్లను అందించింది. అక్కడ నిర్మాణమే విద్యాసంస్థకు జన్మనిచ్చింది.

గోదావరి తీరాన అలా జరగలేదు. మద్రాసులో 1794 నుంచి సర్వే పాఠశాల ఉన్నది. అది ఇంజనీరింగ్ కళాశాలగా రూపొందినది 1859లో, ఆనకట్ట పూర్తయిన ఏడేళ్లకు. 1946లో విశాఖపట్నంలో ప్రారంభమైన ఇంజనీరింగ్ కళాశాల అనంతరం కాకినాడకు తరలివచ్చింది. అంటే ఆనకట్టకూ, డెల్టా ముంగిట ఇంజనీరింగ్ విద్యకూ నడుమ దాదాపు శతాబ్దం గడిచింది. ధవళేశ్వరంలోని ప్రజాపనుల శాఖ వర్క్‌షాపుల్లో చేతిపని నిలిచింది. కానీ కొలత, లెక్క, రూపకల్పనల్లో స్థానికులు ఎదిగే మార్గం ఇరుకుగానే ఉండిపోయింది. కాటన్ వద్ద పనిచేసిన వీణెం వీరన్న పేరును ప్రజలు నేటికీ తలచుకుంటారు. అటువంటి పేర్లు వేళ్లమీద లెక్కించదగినన్నే మిగలడం ఆ ఇరుకుకు నిదర్శనం.

ముగింపు

ఆనకట్ట డెల్టాకు పంటను ఇచ్చింది. పంటతోపాటు నైపుణ్యం దానంతట అదే పెరగలేదు. దానికి వేరే సంకల్పం, వేరే సంస్థ కావాలని రూర్కీతో పోలిక స్పష్టం చేస్తున్నది. పైగా కట్టడం పూర్తికావడంతో పనివారి అవసరం తీరదు. ఏటేటా మరమ్మతులతో నిలిచిన పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజి రావలసి వచ్చింది. కాటన్ కోసం చదివిన ప్రజాపనుల శాఖ నివేదికలను, జిల్లా రికార్డులను ఇకమీదట పనివారి కోసం కూడా చదవాలి. ఒక ప్రాంతం ఏమి నిర్మించుకున్నదనే ప్రశ్నతోపాటు, నిర్మించగలవారిని ఎంతమందిని తయారుచేసుకున్నదనే ప్రశ్న కూడా అభివృద్ధి చరిత్రలో భాగం కావాలి.