సిస్టర్ చేతికి వచ్చిన కాగితం

పెద్ద డాక్టరుగారు చేతులు కడుక్కోకుండా రోగిని ముట్టుకుంటే, సిస్టరు చూసీ చూడనట్టు ఊరుకోవటమే మన సర్వీసు రోజుల్లో మర్యాద. అమెరికాలోనూ ఇదే మర్యాద ఉండేదని తెలిసి నాకు కాస్త ఊరట కలిగిందని ఒప్పుకుంటాను.

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో, శస్త్రచికిత్స రోగుల ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌లో, పెద్ద సిరలోకి వేసే సెంట్రల్ లైన్ గొట్టం ద్వారా రక్తంలోకి క్రిములు చేరి రోగుల ప్రాణంమీదికి వచ్చేది. 2001లో డాక్టర్ పీటర్ ప్రొనొవోస్ట్ అయిదు నియమాలు ఒక కాగితంమీద రాశారు. చేతులు కడుక్కోవటం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవటం, రోగిని నిలువెల్లా స్టెరైల్ గుడ్డతో కప్పటం, టోపీ, మాస్కు, గౌను, గ్లవ్స్ ధరించటం, చివర డ్రెస్సింగ్. వైద్య విద్యార్థికి కూడా తెలిసినవే. అయినా నర్సులు పక్కన నిలబడి గమనిస్తే, నూటికి 62 సార్లే అన్నీ సక్రమంగా జరిగినట్టు తేలింది.

అసలు మార్పు ఆ తర్వాతిది. ఒక్క నియమం తప్పినా పని ఆపించే అధికారం నర్సులకిచ్చారు. డాక్టర్లు నొచ్చుకున్నారు. డాక్టర్లకు కాపలా కాయటం తమ పని కాదని నర్సులూ జంకారు. రాత్రయినా పగలయినా తనకు కబురు చేయమనీ, తాను వారి పక్షాన నిలుస్తాననీ ప్రొనొవోస్ట్ మాట ఇచ్చారు. ఆ మాటే లేకుంటే కాగితం గోడకు వేలాడుతూ ఉండేది.

ఇంకొకటి చిన్న సంగతే గాని నా దృష్టిలో పెద్దది. గొట్టం వేయటానికి కావలసిన సామాను ఎనిమిది చోట్ల వెతుక్కోవలసి వచ్చేది. అంతా ఒకే ట్రాలీలోకి చేర్చారు. ఇండెంటు పట్టుకుని స్టోర్సు తాళంకోసం తిరిగిన మన సభ్యులకు దాని విలువ వేరే చెప్పాలా! 1998 మొదటి మూడు నెలల్లో, గొట్టం ఉన్న ప్రతి వెయ్యి రోజులకు 11.3గా ఉన్న ఇన్‌ఫెక్షన్లు 2002 చివరి మూడు నెలలకు సున్నా అయ్యాయి.

మిచిగన్ రాష్ట్రం 2003లో ఇదే పద్ధతి చేపట్టి, ఆసుపత్రుల పెద్ద అధికారులను నెలనెలా యూనిట్లకు పంపింది. మూడోవంతు యూనిట్లలో కూడా క్లోర్‌హెక్సిడిన్ లేదని అప్పుడుగాని వారికి తెలియలేదు. కొద్ది వారాల్లో అన్నిటికీ అందింది. 103 యూనిట్ల ఫలితాలు 2006లో వెలువడ్డాయి, సగటు 7.7 నుంచి ఏడాదిన్నరలో 1.4కు దిగింది.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఒక సిస్టరు, డ్రెస్సింగ్ వేళ సర్జనుగారితో "గ్లవ్స్ మార్చండి సార్" అంది. మర్నాడే ఆ అమ్మాయికి వేరే వార్డులో నైట్ డ్యూటీ పడింది. ఆ డ్యూటీ చార్టు రాసింది నేనే.