నీళ్ళు ఎటు పోతాయి?

పోయిన ఏడు సంక్రాంతి వెళ్ళిన మర్నాడు ఇంగ్లండు నుంచి మా మేనకోడలు ఫోను చేసింది. "అత్తా, చెట్టు చచ్చిపోయింది" అని ఒక్క మాట చెప్పి ఏడవటం మొదలుపెట్టింది.

చెట్టు పోతే ఏడుస్తారా అని మీరు అనుకోవచ్చు. ఆ చెట్టు సంగతి తెలిస్తే అనుకోరు. మా పెద్దన్నయ్య పోయినప్పుడు అది పచ్చి బాలింత. రాలేకపోయింది. తిరువూరులో తండ్రికి జరిగిన కర్మకాండ అంతా ఫోనులోనే చూసింది. ఆ తరవాత ఏడాదికి బర్మింగ్‌హామ్ దగ్గర సొంత ఇల్లు కొనుక్కున్నారు. పెరట్లో నాన్న పేరు చెప్పుకుని కొబ్బరి చెట్టు వేస్తానంది. ఇక్కడ మా పెరటి కొబ్బరిచెట్టు కింద నులకమంచం వాల్చుకుని పేపరు చదువుకోవటం అన్నయ్యకి అలవాటు. ఆ చలిదేశంలో కొబ్బరి బతకదని తెలిసిన వాళ్ళు చెబితే, పోనీ దాని చుట్టమైనా చాలునని చైనా తాడి మొక్క తెచ్చుకుంది. సున్నాకి దిగువన పది, పదిహేను డిగ్రీల చలిని కూడా ఓర్చుకునే రకం అది. మూడడుగుల గొయ్యి తీసింది. ఇసుకా, కంకరా, ఎరువూ నింపి నాటింది. చలికాలం రాగానే పసిపిల్లకి కప్పినట్టు గోనెపట్టా కప్పింది. తీరా జనవరిలో మొవ్వాకు పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చిందిట, కుళ్ళిన వాసనతో.

"చలికి తట్టుకోలేదు కాబోలు, ఏం చేస్తామే" అని నాకు తోచిన ఓదార్పు నేను చెప్పాను. ఇంతలో మా అమ్మ ఫోను లాక్కుంది. అమ్మకి డెబ్బయి దాటాయి. చైనా తాడీ తెలియదు, బర్మింగ్‌హామూ తెలియదు.

"అమ్మడూ, గొయ్యి తీశావు సరే. అందులో నీళ్ళు ఎటు పోతాయి?" అంది.

అటునుంచి చప్పుడు లేదు. కాసేపటికి, "ఏమో నాన్నమ్మా, చూడలేదు. మాది జిగట మట్టి" అంది పిల్ల.

"అయితే చలి కాదు, చెమ్మ" అని తేల్చేసి అమ్మ ఫోను నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అమ్మకి ఆ ప్రశ్న ఎక్కడ దొరికిందో నాకు తెలుసు. అప్పుడు నాకు పదేళ్ళుంటాయి. తిరువూరు 2022 దాకా కృష్ణాజిల్లాలో ఉండేది, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా ఏదైతేనేం, మాది మెట్ట. కొబ్బరికి అచ్చివచ్చిన కోనసీమ ఇసుక నేల కాదు. మామిడి అంటే మాకు తెలుసు. తాళ్ళూ, ఈతలూ ఎవరూ వెయ్యకుండానే గట్ల మీద లేస్తాయి. కొబ్బరి మాత్రం అడిగి తెచ్చుకున్న చుట్టం. నాన్నగారు అమలాపురం వైపు పెళ్ళికెళ్ళి, బస్సు మీద రెండు కొబ్బరి మొక్కలు వేసుకొచ్చారు. మా పెరడు నల్లరేగడి. మొదటి మొక్క ఆ వానాకాలంలోనే పోయింది. రెండోది మరుసటి వానాకాలం దాకా ఉండి పోయింది. నాన్నగారు మూడో మొక్క తెచ్చినప్పుడు అమ్మ నవ్వింది గాని, బావులు తవ్వే పెద్దాయనని పిలిపించింది కూడా తనే.

ఆయన గొయ్యి తవ్వి మొక్క అడగలేదు. రెండు బిందెల నీళ్ళు అడిగాడు. గోతిలో పోసి, గట్టున కూర్చుని చుట్ట వెలిగించాడు. చుట్ట అయిపోయింది, నీళ్ళు అయిపోలేదు. మర్నాడు పొద్దున వచ్చి చూసినా సగం అట్లాగే ఉన్నాయి.

"మేష్టారూ, ఇది గొయ్యి కాదండీ, గిన్నె. గిన్నెలో చెట్టు బతుకుద్దా?" అన్నాడు.

అప్పుడు ఆయన చేసిన పని నాకు బొమ్మ కట్టినట్టు గుర్తు. గోతి అడుగు నుంచి పెరటి పల్లం వైపుకి వాలుగా బోదె తవ్వి, దాన్ని కంకరతో నింపి, పైన మట్టి కప్పేశాడు. కట్టలేటి ఇసుక రెండు బళ్ళు తోలించి, మా మట్టితోనూ పశువుల ఎరువుతోనూ కలిపి, మోకాలెత్తు దిబ్బ పోశాడు. మొక్కని గోతిలో కాకుండా దిబ్బలో నాటాడు. కోనసీమలో గోతి అడుగున కొబ్బరి డొక్కలు పరుస్తారని, అవి నీటిని పీల్చి పట్టుకుంటాయని నాన్నగారు చెప్పబోతే, "అక్కడ ఇసకండీ, పట్టుకోవాల. ఈ రేగడికి నీళ్ళు పట్టుకోవటం మనం నేర్పాలా?" అన్నాడు. ఆ మూడో మొక్కే మా అన్నయ్య నులకమంచం వాల్చుకున్న చెట్టు.

నేను ఆర్ట్సు చదివినదాన్ని. మొక్కల శాస్త్రం నాకు రాదు. కాని చరిత్ర మీద ప్రీతి పోలేదు. తాళజాతి చెట్లని వాటివి కాని నేలలకి మోసుకుపోయిన వాళ్ళ కథలు చదవటం మొదలుపెట్టాను. చదువుతున్న కొద్దీ ప్రతి కథలోనూ అమ్మ ప్రశ్నే ఎదురొచ్చింది.

ముందు చెట్టు సంగతి. అమరకోశంలో తాటిచెట్టుకి తృణరాజమని పేరు. అంటే గడ్డికి రాజు. ఖర్జూరాన్ని, ఈతని కూడా అందులో గడ్డిచెట్ల కిందే జమకట్టారు. నేటి శాస్త్రం కూడా తాళజాతిని గడ్డికి దూరపు బంధువనే అంటుంది. వేపకీ, మామిడికీ కొమ్మ పోతే కొమ్మ వస్తుంది. తాటికీ కొబ్బరికీ మాత్రం ఉన్నది ఒక్కటే మొవ్వు. అది కుళ్ళిందా, చెట్టు కథ ముగిసినట్టే. వేళ్ళూ అంతే. తల్లివేరు దిగదు. మొదలు చుట్టూ తాళ్ళ కట్టలా సన్న వేళ్ళు పుట్టి పక్కలకి పాకుతాయి. మట్టి సందుల్లో నీళ్ళు నిలబడిపోతే ఆ వేళ్ళకి గాలి ఆడదు, కుళ్ళుతాయి. చలిలో ఇంకా కష్టం. చెట్టు నీళ్ళు తాగటం మందగిస్తుంది, నేల ఆరదు. పైన గోనెపట్టా కప్పినా కింద పాదాలు చన్నీళ్ళలో నానుతుంటే ఏం లాభం?

ఇంగ్లీషు వాళ్ళకి ఈ పాఠం ఖరీదుగానే వచ్చింది. లండను దగ్గర క్యూ తోటలో తాళజాతి చెట్ల కోసమే 1844 నుంచి 1848 దాకా పెద్ద అద్దాల మేడ కట్టారు. డెసిమస్ బర్టన్ నమూనా గీశాడు, రిచర్డ్ టర్నర్ ఇనప పని చేయించాడు. అరవై అడుగుల పైచిలుకు ఎత్తు, ఓడలు కట్టే పనితనంతో వంచిన ఇనప కమానులు. బాయిలర్లు నేలమాళిగలో పెట్టి, చెట్ల అడుగున వేడినీళ్ళ గొట్టాలు నడిపించి, పొగని సొరంగంలో గుండా దూరంగా ఉన్న గోపురంలాంటి గొట్టంలోకి పంపేలా ఏర్పాటు చేశారు. అంతా అమోఘం. అయితే మేడ కట్టిన చోటు పల్లం, పక్కనే చెరువు. నేలమాళిగలోకి నీరు ఊరి బాయిలర్లని ముంచేది. ఆకాశంలోంచి వచ్చే చలిని అద్దాలతో ఆపారు గాని, నేలలోంచి వచ్చే నీరు ఎటు పోతుందన్నది సరిగ్గా చూసుకోలేదు. మా బావుల పెద్దాయన ఉండి ఉంటే ముందు రెండు బిందెల నీళ్ళు అడిగేవాడు.

మా పిల్ల నాటిన చైనా తాడిది కూడా ఆ రోజుల కథే. రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లండు మనిషి చైనా నుంచి తేయాకు మొక్కలు మన దేశానికి చేరవేసి పేరు తెచ్చుకున్నాడు. ఆయనే చూషాన్ దీవిలో ఈ తాడిని చూశాడు. అక్కడి జనం దీని పీచుతో వానకి వేసుకునే కోట్లు అల్లుకునేవారు. 1849లో మొక్కలు క్యూకి పంపి, ఒకటి విక్టోరియా రాణి భర్త ఆల్బర్టుగారికి, వైట్ దీవిలో ఉన్న వాళ్ళ ఆస్‌బర్న్ భవనం తోటకి ఇమ్మన్నాడు. అద్దాల మేడా, బాయిలరూ ఏమీ లేకుండానే అది ఆరుబయట చలిని తట్టుకుని నిలబడింది. రాణిగారి తోటలో బతికింది కదా, మా పిల్ల తోటలో ఎందుకు బతకలేదు? రాణిగారిని చూసి కాదు, కాళ్ళ కింద నీరు నిలవకపోతే బతుకుతుంది, అంతే.

ఇంకో కథ చూడండి. ఇది మన గుమ్మం దాకా వస్తుంది. క్యూలో మేడ పూర్తయిన ఆ 1848లోనే జావాలోని బోగోర్ తోటకి ఆఫ్రికా నూనెతాడి మొక్కలు నాలుగు చేరాయి. రెండు హిందూ మహాసముద్రపు దీవుల మీదుగా వచ్చాయి. రెండు ఎక్కడినుంచో తెలుసా? ఆమ్‌స్టర్‌డామ్ నుంచి! బురద నేలలో కొయ్య గుంజలు దిగ్గొట్టి కట్టుకున్న ఆ చలి ఊళ్ళో, వేడి గదిలో పెంచిన మొక్కలవి. ఆ నాలుగింటి సంతతే తరవాత సుమత్రాలో డేలీ వంశమై, ప్రపంచంలోని నూనెతాడి తోటల్లో చాలావాటికి తల్లివేపు వారసత్వమయింది. 1995లో ఏలూరు దగ్గర పెదవేగిలో నూనెతాడికి జాతీయ పరిశోధనా కేంద్రం పెట్టారు. ఇవాళ తిరువూరులో బస్సెక్కి సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు పోతుంటే వరసలు తీరి కనబడే పామాయిల్ తోటల్లో ఆ నలుగురు చుట్టాల రక్తం ఉంది. ఎకరానికి యాభైయేడు మొక్కలు, మొక్కకీ మొక్కకీ తొమ్మిది మీటర్లు. వాటికి నీళ్ళు పుష్కలంగా పెట్టాలి, ఆ నీళ్ళు నిలవకూడదు. తాగాలి గాని తడవకూడదన్నట్టు!

చలిదేశాల వాళ్ళదే తప్పు, మనకి చెట్లు బాగా తెలుసు అనుకుంటే అదీ పొరపాటే. మన గోదావరి డెల్టాలో చలి లేదు. అయినా సుమారు నూట ఇరవై ఏళ్ళ క్రితం అక్కడ తాళ్ళు మొవ్వు కుళ్ళి వరసబెట్టి చచ్చిపోసాగాయి. తాడి మీద ఎంతమంది బతికేవారో మీకు చెప్పాలా? కల్లు గీసేవాళ్ళకి కూడు, ఇంటికప్పుకి ఆకు, దూలానికి మాను, పిల్లలకి ముంజెలు, తేగలు. కారణం వెతకటానికి ఇ.జె. బట్లర్ అనే శాస్త్రవేత్త వచ్చాడు. 1906లో తాళజాతి చెట్ల జబ్బుల మీద రాశాడు. మరుసటేడు ఆ తెగులు క్రిమికి పేరు పెట్టాడు. ఆ పేరులోని పామివోరా అన్న మాటకి తాళజాతిని తినేది అని అర్థం. ఇవాళ ప్రపంచమంతటా కొబ్బరినీ కోకోనీ పీడించే ఫైటాఫ్తొరా పామివోరా అదే. మన గోదావరి తాటిచెట్టు మొవ్వులో దొరికి లోకానికి తెలిసింది. దాని నడక చిత్రం. దానికి తోకలున్న విత్తనాలు ఉంటాయి, అవి నీటిలో ఈదుతాయి. చుక్క నీరు నిలిస్తే చాలు, దానికదే గోదావరి. అందుకే వానాకాలంలో విజృంభిస్తుంది. తెగులు తగిలిన చెట్ల తలలు నరికి కాల్చటం తప్ప ఆనాడు వేరే మందు లేకపోయింది.

ఎక్కడైనా ఒక్కటే మాట. చలైనా, ఎండైనా, రాణిగారి తోటైనా, గోదావరి గట్టైనా, ఈ చెట్టుకి నీళ్ళు రావటం ఎంత ముఖ్యమో పోవటం అంత ముఖ్యం. చరిత్ర పుస్తకాల్లో మొక్కల్ని మోసుకొచ్చిన వాళ్ళ పేర్లుంటాయి, మేడలు కట్టిన వాళ్ళ పేర్లుంటాయి. గోతిలో నీళ్ళు పోసి చుట్ట వెలిగించి కూర్చున్న వాళ్ళ పేర్లుండవు. మా పెద్దాయన పేరు నేనూ అడగలేదు. అందరం పెద్దాయనా అనే పిలిచేవాళ్ళం.

ఇదంతా రాసి పిల్లకి పంపించాను. చరిత్ర చదివిందో లేదో గాని, పెద్దాయన చెప్పిన పద్ధతి మాత్రం తూచా తప్పకుండా చేసింది. జిగట మట్టిలో ఇసుక నింపిన గొయ్యి, చుట్టుపక్కల వాననీరంతా దిగే తొట్టి అయిందని దానికి అప్పుడు అర్థమయింది. ఈసారి ముందు చిన్న గుంట తీసి బకెట్టు నీళ్ళు పోసి, గడియారం చూసుకుంటూ కూర్చుందిట. రాత్రి పడుకోబోయేదాకా నీళ్ళు దిగలేదు. దాంతో గొయ్యి మానేసింది. దక్షిణం ఎండ తగిలే గోడ పక్కన, పల్లం వైపుకి కంకర బోదె తవ్వి, దాని పైఎత్తున మోకాలెత్తు దిబ్బ పోసింది. ముతక ఇసుక, ఆకుల ఎరువు, అక్కడి మట్టే కొంచెం కలిపింది. మంచు పోయాక, వసంతంలో కొత్త మొక్క నాటింది. మొన్న జనవరిలో ఫోను చేసింది. వణుకుతున్న గొంతు, అయితే ఈసారి చలికి.

"అత్తా, నాన్నమ్మకి చూపించు. మొవ్వు గట్టిగా ఉంది. లాగి చూశాను, రాలేదు."

అమ్మ ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. మంచు మధ్య దిబ్బ మీద మోకాలెత్తు మొక్క, దాని పక్కన బొంతలా కోటు వేసుకున్న మూడేళ్ళ ముని మనవడు. వాడు చేతిలో ఉన్న చిన్న బకెట్టుతో మొక్కకి నీళ్ళు పొయ్యబోతుంటే తల్లి పట్టుకుని ఆపుతోంది.

"పొయ్యనీవే. ఇప్పుడు పోవటానికి దారుంది కదా" అంది అమ్మ.

తరవాత పెరట్లోకి వెళ్ళి, అన్నయ్య నులకమంచం ఎండలోంచి చెట్టు నీడలోకి జరిపి, దాని మీద కూర్చుంది.