క్యూలో నిలబడి శని దర్శనం

శని పేరెత్తితే మన ఇళ్ళలో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాలా! నువ్వుల నూనె, నల్లగుడ్డ, ప్రదక్షిణలు, ఆపైన వెనక్కి తిరిగి చూడకుండా ఇల్లు చేరడం. అటువంటి శనిని కోరి కోరి, క్యూలో నిలబడి, స్టూలెక్కి మరీ చూసొచ్చిన దాన్ని నేను. అదీ ఏ గుళ్ళోనో కాదు. అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో ఊళ్ళో, ఒక పుస్తకాల షాపు ముందు ఫుట్‌పాత్ మీద.

2006 మే మొదటివారం. మా అమ్మాయి పుట్టినరోజుకి అక్కడే ఉండాలని వెళ్ళాను. రాత్రి తొమ్మిదయింది. కూరలు కొనుక్కుని నడిచి వస్తున్నాం. మలుపులో పదిమంది గుమిగూడి ఉన్నారు. మనకి గుంపు కనబడితే కాళ్ళు ఆగవు కదా! తీరా చూస్తే మధ్యలో ఒక చెక్కపెట్టె, అందులోంచి ఏటవాలుగా పైకి లేచిన లావుపాటి అట్టగొట్టం. దూరం నుంచి చూసి ఫిరంగేమో అనుకున్నాను. పక్కన తెల్లజుట్టు ఆవిడ ఒకామె నిలబడి, "రండి, శనిగ్రహాన్ని చూడండి, డబ్బేం అక్కర్లేదు" అని దారిన పోయేవాళ్ళనల్లా పిలుస్తోంది. మన ఊళ్ళో అయితే ఈ పిలుపు విని జనం పరుగు తీసి ఉండేవారు!

క్యూలో నాకు ముందు ఒక టాక్సీ డ్రైవరు, ఆయన ముందు తండ్రి భుజాలమీద కూర్చున్న నాలుగేళ్ళ పిల్లాడు. నా వంతు వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని స్టూలెక్కి, గొట్టం పక్కనున్న చిన్న గాజుబిళ్ళకి కన్ను ఆనించాను.

చెప్పొద్దూ, ఎవరో బొమ్మ గీసి లోపల అంటించారనుకున్నాను. నల్లటి ఆకాశంలో పసిమి బంతి, దాని చుట్టూ అంటీ ముట్టకుండా ఒక వలయం. ఆ పక్కనే చుక్కలాగా దాని పెద్ద చందమామ టైటాన్. నేను నోరు తెరిచి చూస్తూండగానే శనిగారు మెల్లగా పక్కకి జరిగి, అంచుదాకా పోయి, మాయమైపోయారు. "అయ్యో, పోయాడు!" అన్నాను తెలుగులోనే. ఆ ముసలావిడకి అర్థమయింది కాబోలు, నవ్వి గొట్టాన్ని చేత్తో చిటికెడంత జరిపి, "అతను కదల్లేదమ్మా, కదిలింది మీరు. భూమి తిరుగుతోందిగా!" అంది. భూమి తిరుగుతుందని మూడో తరగతిలో బట్టీ పట్టాను. అది తిరుగుతూంటే చూడటం మాత్రం యాభై దాటాక అదే మొదలు.

స్టూలు దిగాక మా అమ్మాయి నా మొహం చూసి, "ఏమిటమ్మా, కళ్ళు తుడుచుకుంటున్నావు?" అంది. ఏం చెప్పను? ఆ కథలో అదీ ఉంది మరి.

1980 ఫిబ్రవరి 16. మావారి ఉద్యోగరీత్యా అప్పుడు నల్గొండలో ఉన్నాం. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. రాయచూరు మీదుగా వచ్చి, నల్గొండ దాటి, ఒరిస్సాలో పూరీ వైపు సాగిపోయిన చంద్రుడి నీడ సరిగ్గా మా ఊరి నెత్తిమీదుగా వెళ్ళింది. మా పొరుగునే జపాల్–రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి అబ్జర్వేటరీ ఉంది. ఆ గ్రహణం చూడటానికి శాస్త్రజ్ఞులు సముద్రాలు దాటి అక్కడికి వచ్చారు. నేను మాత్రం మా వంటింటి గడప దాటలేదు. ఆరో నెల కడుపుతో ఉన్నాను. మా అత్తగారు పొద్దున్నే కిటికీలకి దుప్పట్లు కట్టి, నన్ను చాపమీద పడుకోబెట్టి, "కదలకమ్మా, గోరు కూడా గిల్లకు" అని తలుపు దగ్గరగా వేసి, తను గుమ్మంలో జపమాల పట్టుకుని కూర్చున్నారు. ఆవిణ్ణి తప్పుపట్టను. ఆ పూటంతా ఆవిడా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. భయం ఆవిడది, ప్రేమా ఆవిడదే.

మధ్యాహ్నం పూట, మూడు దాటి నాలుగవుతూండగా, దుప్పటి అంచున కనబడే వెలుగుగీత కూడా ఆరిపోయింది. వీధిలో చడీచప్పుడు లేదు. ఎక్కడో కాకులు గొల్లుమన్నాయి. సుమారు రెండు నిమిషాలు. మళ్ళీ ఆ గీత వెలిగింది. అంతే నేను చూసిన సంపూర్ణ గ్రహణం! మేలో అమ్మాయి పుట్టింది, చక్కగా, ఏ లోపమూ లేకుండా. "చూశావా, పడుకోబెట్టబట్టే!" అన్నారు అత్తగారు. చూసినా అలాగే పుట్టేదని ఇప్పుడు నాకు తెలుసు గానీ, అప్పుడు వాదించడానికి నోరు రాలేదు. ఆ అమ్మాయే ఇరవయ్యారేళ్ళ తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని ఈ స్టూలెక్కించింది.

సరే, ఈ ఫుట్‌పాత్ టెలిస్కోపుల సంగతేమిటని ఆ ముసలావిణ్ణే అడిగాను. చెప్పింది. తర్వాత నేనూ వెతికి చదువుకున్నాను. చదువుతూంటే అది ఒక ఆశ్రమంలో తేలింది!

అసలు టెలిస్కోపు చాలాకాలం మేడలమీద వస్తువు. మన విశాఖపట్నమే తీసుకోండి. గోడే వెంకట జగ్గారావుగారు 1840లో డాబాగార్డెన్స్‌లో తన ఇంట్లోనే అబ్జర్వేటరీ కట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దాన్ని నడిపి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిపోవడాన్ని అక్కణ్ణుంచే చూసి లెక్కలు కట్టారు. జీతానికి కాక ఇష్టం కొద్దీ ఆకాశం చూసిన మహానుభావులు! కానీ అది జమీందార్ల తాహతు. ఇక వీధిలోకి వస్తే, పంతొమ్మిదో శతాబ్దం నడుమ లండన్‌లో ఒక దర్జీ సాయంత్రాలు టెలిస్కోపు పెట్టుకుని పెన్నీకి ఒకసారి చొప్పున జనానికి ఆకాశం చూపించేవాడట. అదీ చేతిలో పెన్నీ ఉన్నవాళ్ళకి. ఉత్తినే పిలిచి చూపించే రోజులు రావడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

జాన్ డాబ్సన్ 1915లో పెకింగ్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబంతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. బర్క్‌లీలో రసాయనశాస్త్రం చదివాడు. 1944లో అన్నీ వదిలేసి అక్కడి వేదాంత సొసైటీ మఠంలో చేరిపోయాడు. అవును, మన రామకృష్ణ పరమహంస సంప్రదాయం వారిదే. సైన్సుకీ వేదాంతానికీ పొత్తు కుదర్చమని గురువుగారు ఆయనకి పని అప్పగించారు. లోకం ఎలా ఉందో చూడకుండా పొత్తు కుదిర్చేదెలా? అందుకని 1956లో చిన్న టెలిస్కోపు ఒకటి చేసుకుని శని వలయాలు చూశాడు. తర్వాత ఓడల కిటికీలకి బిగించే గాజుబిళ్ళ ఒకటి సంపాదించి, దాన్ని అరగదీసి, పన్నెండంగుళాల అద్దం చేశాడు. ఆ అద్దంలో చందమామని చూసిన రాత్రే అతనికి తోచిందట: ఇది లోకంలో ప్రతివాళ్ళూ చూడాలి అని.

అద్దం అరగదీయడమంటే మనకి తెలియని విద్యేం కాదు. రెండు మందపాటి గుండ్రటి గాజుబిళ్ళల మధ్య గరుకుపొడి, నీళ్ళు వేసి, ఒకదాన్ని రెండోదానిమీద గంటల తరబడి రుద్దాలి. గంధం తీసి తీసి సాన నడుమ గుంట పడదూ, అలాగే పైబిళ్ళ నడుమ గుంట పడుతుంది. పొడి రానురానూ మెత్తనిది వాడుతూ నునుపు తేల్చి, చివర అల్యూమినియం పూత పూయిస్తే అద్దం సిద్ధం. గొట్టం అడుగున కూర్చుని, వెలుగునంతా ఒకచోటికి చేర్చేది అదే. పన్నెండంగుళాల అద్దం మన కంటిపాప కంటే దాదాపు 1,800 రెట్లు ఎక్కువ వెలుగు పట్టుకుంటుంది.

మఠంలో ఇదంతా చాటుమాటు వ్యవహారం. 1958లో అతన్ని శాక్రమెంటో మఠానికి పంపారు. తోటపనికి వాడే ఎరువు బకెట్లలో గాజు దాచి తెచ్చుకునేవాడట. రాత్రిళ్ళు టెలిస్కోపుని చక్రాలమీద తోసుకుంటూ వీధుల్లోకి పోయి, ఇరుగుపొరుగు పిల్లలకి ఆకాశం చూపించేవాడు. స్నేహితులకి రాసే ఉత్తరాల్లో టెలిస్కోపు అనే మాటే రానిచ్చేవాడు కాదు. జెరేనియం పూలమొక్క అని రాసేవాడు. కుండీలో నాటిన జెరేనియం అంటే గొట్టంలో అమర్చిన టెలిస్కోపు. మొక్క పూత పూసిందంటే అద్దానికి అల్యూమినియం పూత అయిందని! పుట్టింటికి రాసే ఉత్తరంలో అత్తగారికి అందకుండా రెండర్థాల మాటలు రాసిన ఆడపడుచులం మనం. ఆ సన్యాసి అవస్థ మనకి కాక ఇంకెవరికి అర్థమవుతుంది?

దాపరికాలు ఎన్నాళ్ళు సాగుతాయి? పిలిచినప్పుడు మఠంలో కనబడడాయె. 1967లో, ఇరవైమూడేళ్ళ సన్యాసం తర్వాత, వెళ్ళిపొమ్మన్నారు. వయసు యాభై దాటింది. ఇల్లు లేదు, వాకిలి లేదు, ఉద్యోగం లేదు. ఆ స్థితిలో మనిషి ముందు ఏం చూసుకుంటాడు? డాబ్సన్ మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కోకి తిరిగొచ్చి, మబ్బు లేని ప్రతి రాత్రీ జాక్సన్, బ్రోడెరిక్ వీధులు కలిసే మలుపులో టెలిస్కోపు పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళని పిలవడం మొదలుపెట్టాడు.

ఇద్దరు కుర్రాళ్ళు తోడయ్యారు. అందులో ఒకడు సొంతంగా పన్నెండంగుళాల టెలిస్కోపు చేసుకున్నాడు. కానీ ఊళ్ళో ఉన్న ఔత్సాహిక ఖగోళ సంఘంలో చేరడానికి వాడి వయసు చాలదట! అయితే మనమే ఒకటి పెట్టుకుందామని 1968లో ముగ్గురూ కలిసి 'శాన్‌ఫ్రాన్సిస్కో సైడ్‌వాక్ ఆస్ట్రానమర్స్' మొదలుపెట్టారు. ఫుట్‌పాత్ ఖగోళజ్ఞులన్నమాట. పనల్లా టెలిస్కోపులు చేయడం, చేయడం నేర్పడం, వీధిలో పెట్టి చూపించడం.

వాళ్ళ టెలిస్కోపులో గొప్ప అంతా దాని పేదరికమే. మామూలుగా పెద్ద టెలిస్కోపుకి బరువైన ఇనుప దిమ్మ, నక్షత్రాల వెంట తిప్పే యంత్రం కావాలి. అద్దం కంటే వాటి ఖర్చే వాతపెడుతుంది. డాబ్సన్ ఆ హంగంతా తీసేశాడు. కాంక్రీటు స్తంభాలు పోయడానికి వాడే అట్టగొట్టం, ప్లైవుడ్ పెట్టె. పెట్టె పక్కలకి తిరుగుతుంది, గొట్టం పైకీ కిందికీ వాలుతుంది. అంతే! మర లేదు కనక చూస్తూండగా గ్రహం జారిపోతుంది, చేత్తో జరుపుకోవాలి. ఫొటోలకి పనికిరాదు. మనిషి కన్నుకి మాత్రం కావలసినంత. 1970 ప్రాంతంలో ఇరవైనాలుగంగుళాల అద్దంతో పెద్దది కూడా చేసి, యోసెమిటీ వంటి జాతీయ పార్కులకి వ్యాన్లలో మోసుకుపోయి, అక్కడికొచ్చిన యాత్రికులకి చూపించారు. ఒక పార్కు అధికారి, "ఆకాశం మా పార్కులోది కాదు కదా" అని అడ్డుపడితే, "మీ పార్కు ఆకాశంలోదే కదా!" అన్నాడట డాబ్సన్. ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని నవ్వుకుంటారు.

ఆ నమూనామీద హక్కులు తీసుకుని ఉంటే డబ్బు చేసుకునేవాడు. తీసుకోలేదు. ఎవరైనా చేసుకోవచ్చన్నాడు. అతని మాటలన్నీ శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. విశ్వం ఒక మహావిస్ఫోటనంతో మొదలైందంటే అతను చివరిదాకా నమ్మలేదు. ఆ పట్టింపు అతనిది. కానీ టెలిస్కోపు గొప్పతనం సైజులో లేదు, దాంట్లోంచి ఎంతమంది చూశారన్నదాంట్లోనే ఉందని అతను అనేవాడు. దానికి మాత్రం ఎవరూ కాదనలేదు. 2014 జనవరి 15న, 98 ఏళ్ళ వయసులో పోయాడు. ఇవాళ ఏ దేశంలో ఏ ఊళ్ళో ఔత్సాహికుల సంఘం వారు జనాన్ని పిలిచి ఆకాశం చూపించినా, అక్కడ 'డాబ్సోనియన్' అనే ఆ చెక్కపెట్టె ఒకటైనా కనబడుతుంది.

నేను టెలిస్కోపు కొనుక్కోలేదు. మోకాళ్ళు స్టూలెక్కనివ్వడం లేదు. కానీ చూసింది దాచుకోవడం తప్పన్న సంగతి మాత్రం ఆ ఫుట్‌పాత్ మీదే తలకెక్కింది.

2019 డిసెంబరు 26 పొద్దున సూర్యగ్రహణం. హైదరాబాదులో పాక్షికం. మా అపార్టుమెంటులో కింద వాటా అమ్మాయికి అయిదో నెల. కిటికీలకి దుప్పట్లు కట్టేశారు. నాకు నల్గొండ గుర్తొచ్చింది. వెళ్ళి వాళ్ళ అత్తగారికి ఉపన్యాసం ఇవ్వలేదు. ఇస్తే వింటారా? చిన్న అద్దం తీసుకుని, పావలా కంటే చిన్న చిల్లు పెట్టిన కాగితం దానిమీద అంటించాను. ఈ చిట్కా మా అమ్మాయి చెప్పింది. "అద్దంలోకి ఎవరూ చూడకూడదు, గోడమీదే చూడాలి" అని మరీ మరీ చెప్పింది. "వదినగారూ, అమ్మాయిని బయటికి రానివ్వొద్దు. దుప్పటి ఒక్క జానెడు తొలగించనివ్వండి, చాలు" అన్నాను. ఆవిడ ఆలోచించి, తనే లేచి తొలగించారు.

తూర్పు వైపు బాల్కనీలో కుర్చీమీద అద్దం నిలబెట్టి సర్దాను. చీకటిగదిలో ఎదురుగోడమీద సూర్యుడు పడ్డాడు, కొరికేసిన అప్పచ్చిలాగా! చాపమీదున్న అమ్మాయి చటుక్కున లేచి కూర్చుంది. బొమ్మ మెల్లగా పక్కకి జారిపోతూంటే, "అయ్యో, పోతున్నాడు!" అంది.

అద్దం చిటికెడంత జరిపాను. "అతను కాదమ్మా, కదిలేది మనం" అన్నాను.

అప్పటిదాకా గుమ్మంలో జపం చేసుకుంటూన్న వాళ్ళ అత్తగారు మాల పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, "ఏదీ, నన్నూ చూడనీయండి" అంటూ వచ్చి కోడలి పక్కన కూర్చున్నారు.